ఒంటి బరువు, మాట బరువు

ఈ నెల కాస్త ఇబ్బందికరమైన సంగతి ఒకటి మీ ముందుంచుతున్నాము. రోగమనుకుంటే దీని గురించి డాక్టర్లు రాయాలి, పాపమనుకుంటే ప్రసంగంలో చెప్పాలి. కాని ఇది మన ఇళ్లలో భోజనాల దగ్గర రోజూ నడిచే మాటలకు సంబంధించినది. పదమూడు మొదలు పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలు ఒళ్లు చేసినప్పుడు వాళ్ల మనసుకు ఏమవుతుంది? మనసు కుంగినప్పుడు వాళ్ల ఒంటికి ఏమవుతుంది? ఆ రెంటి మధ్య మన నోరు ఏమి చేస్తోంది? ఈ మూడు ప్రశ్నలను మీతో కలిసి ఆలోచించాలని మా కోరిక.

మేము కొల్లేటి లంక గ్రామాల్లో సేవకు వచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. కైకలూరు, మండవల్లి చుట్టుపక్కల ఊళ్లు, ఇటు ఆకివీడు, అటు భీమడోలు వరకు గృహ దర్శనాలకు తిరిగినవాళ్లము. వచ్చిన కొత్తలో ముసలమ్మల నోట ఒక మాట తరచుగా వినేవాళ్లము. "మనవడు ఒళ్లు చేశాడు అయ్యగారూ, దేవుడికి స్తోత్రం." ఆ మాటలో నిజమైన కృతజ్ఞత ఉండేది. కొల్లేరు పొంగి కోతకొచ్చిన వరి నీటిపాలైన రోజులు వాళ్లు చూశారు. గంజినీళ్లతో పిల్లలను నిద్రపుచ్చిన తల్లులు వాళ్లు. బక్కచిక్కిన బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే దక్కడని అనుభవం మీద తెలిసినవాళ్లు. గనుక బుగ్గలు నిండుగా ఉన్న బిడ్డ అంటే వాళ్ల లెక్కలో బతికే బిడ్డ.

ఆ రోజుల్లో లంక నుండి లంకకు పోవాలంటే దోనె ఎక్కి గెడ వేయవలసిందే. 1970ల చివర సహకార సంఘాల పేరుతో మొదలైన చేపల చెరువులు తరువాతి ఇరవై ఏళ్లలో ఎంతో విస్తరించాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యం లోపలి చెరువు గట్లు తెగగొట్టారు. వాటి మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోము. పిల్లల ఒంటికి సంబంధించినంత వరకు జరిగింది చెబుతాము. గట్ల మీదికి రోడ్లు వచ్చాయి, రోడ్ల మీదికి ఆటోలు, మోటారు సైకిళ్లు వచ్చాయి. ఊరి చుట్టూ లోతు నీళ్లని తల్లులు పిల్లలను గుమ్మం దాటనివ్వరు. అన్నం మూడు పూటలా ఎప్పటిలాగే ఉంది. దాని మీద బజ్జీల బండి, పది రూపాయల ప్యాకెట్లు, కూల్ డ్రింకు సీసా వచ్చి చేరాయి. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఏడెనిమిది చెంచాలు. టీలో అంత చక్కెర వేసి ఇస్తే మనమెవరమూ తాగము.

ఇది మన ఒక్క ప్రాంతపు సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుండి 19 ఏళ్ల వారిలో 1990లో నూటికి 8 మంది అధిక బరువుతో ఉండగా, 2022 నాటికి నూటికి 20 మంది అయ్యారు. ప్రపంచంలో బడి వయసు పిల్లల్లో బరువు తక్కువైన వారికంటే ఊబకాయం ఉన్నవారే ఎక్కువయ్యారని, ఇలా జరగడం ఇదే మొదటిసారని 2025లో యూనిసెఫ్ ప్రకటించింది. మన దేశంలో ఇంకా అంత దూరం రాలేదు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 10 నుండి 19 ఏళ్ల వారిలో నూటికి 24 మంది ఉండవలసిన దానికంటే సన్నగా ఉన్నారు, 5 మంది అధిక బరువుతో ఉన్నారు. అంటే ఒకే తరగతి గదిలో ఒకరు తిండి చాలక, ఒకరు తిండి సరిగాలేక కూర్చుంటున్నారు. ఆ అయిదుగురి గురించే ఈ వ్యాసం. వాళ్లు కొద్దిమంది గనుకనే ఎక్కువగా చూపులకు గురవుతారు.

మన ఇళ్లలో జరిగే ఒక వింతను గమనించండి. పదేళ్లు వచ్చేవరకు "ఇంకో ముద్ద తిను నాన్నా" అని కొసరి కొసరి తినిపించిన నోరే, పదమూడు దాటగానే "ఇంకెంత తింటావే" అంటుంది. నిన్నటి దాకా ముద్దొచ్చిన ఒళ్లు ఇవాళ తప్పయింది. ఎందుకు తప్పయిందో, ఎప్పటినుండి తప్పయిందో ఆ బిడ్డకు చెప్పేవాళ్లు లేరు. సరిగ్గా అదే వయసులో శరీరం తనంతట తాను మారుతుంది. ఆడపిల్లలకు నడుము కింద కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగమే. పొడవు సాగేముందు కొన్నాళ్లు బొద్దుగా కనబడే మగపిల్లలూ ఉన్నారు. కాబట్టి కంటితో చూసి తీర్పు చెప్పకూడదు. ఎదిగే పిల్లల బరువును వాళ్ల వయసుతో, ఎత్తుతో కలిపి చూడాలి. ఇందుకోసం మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2015లో పట్టికలు విడుదల చేసింది. పిల్లల డాక్టరు దగ్గర అవి ఉంటాయి. పెళ్లిళ్లలో కలిసే మేనత్తల దగ్గర ఉండవు.

ఇక మనసు సంగతి. మన ప్రాంతం వారికి ఉప్పుటేరు గురించి చెప్పనవసరం లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో నిండినప్పుడు ఉప్పుటేరు దానిని సముద్రానికి మోసుకుపోతుంది. సరస్సు మట్టం తగ్గితే, పోటు వేళ సముద్రపు ఉప్పునీరు అదే ఏటి గుండా వెనక్కి ఎగదన్నుతుంది. ఏరు ఒకటే, పారుదల రెండు వైపులా. ఒంటికీ మనసుకూ మధ్య ఉన్నది అటువంటి ఏరే.

మనుషులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలను కలిపి చూసి 2010లో ఒక సమీక్ష అచ్చయింది. ఊబకాయం ఉన్నవారికి ఆ తరువాత డిప్రెషన్ వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువని, డిప్రెషన్ ఉన్నవారికి ఆ తరువాత ఊబకాయం వచ్చే అవకాశం 58 శాతం ఎక్కువని అందులో తేలింది. అది ఎక్కువగా పెద్దవారి లెక్క. పిల్లల విషయంలో 2002లో అమెరికాలో మరొక అధ్యయనం వచ్చింది. తొమ్మిది వేలమందికి పైగా బడి పిల్లలను ఏడాది వ్యవధిలో రెండుసార్లు చూశారు. మొదటిసారి దిగులుగా ఉన్న పిల్లలకు ఏడాది తరువాత ఊబకాయం ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది. మొదటిసారి లావుగా ఉన్నంత మాత్రాన ఏడాది తరువాత దిగులు వస్తుందని మాత్రం ఆ లెక్కలో తేలలేదు. అంటే చాలాసార్లు మనం వెనుక వచ్చినదాన్ని ముందు చూస్తున్నాము. బిడ్డ లావయ్యాడని చూస్తాము, అంతకు ముందు ఎన్నాళ్లుగా కుమిలిపోతున్నాడో చూడము.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మనసు బాగాలేని పిల్లవాడికి నిద్ర చెడుతుంది. నిద్ర చాలని ఒంటికి ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి, నూనె వస్తువుల మీదికి మనసు పోతుంది. ఎడతెగని ఆందోళనలో శరీరం కార్టిసాల్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. అది కూడా ఆకలిని, నడుము దగ్గర కొవ్వును పెంచగలదు. దిగులుతో ఆటకు పోడు, పదిమందిలోకి రాడు. కదలిక తగ్గి బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఎగతాళి మొదలవుతుంది. ఎగతాళితో దిగులు పెరుగుతుంది. ఈ చక్రంలో చాలా భాగం మన చేతిలో లేదు. ఎగతాళి మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది.

ఆ ఎగతాళి ఎంత పని చేస్తుందో 2003లో అచ్చయిన ఇంకొక అధ్యయనం చెబుతుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 4,746 మంది బడి పిల్లలను అడిగారు. బరువు గురించి ఎగతాళికి గురైన పిల్లల్లో తమ మీద తమకు గౌరవం తక్కువగా, దిగులు ఎక్కువగా, చనిపోవాలన్న తలంపులు ఎక్కువగా ఉన్నాయి. వాళ్లు నిజంగా ఎంత బరువున్నారన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా అలాగే నిలిచింది. తోటిపిల్లలు, ఇంట్లోవాళ్లు ఇరువురూ ఎగతాళి చేసిన పిల్లల పరిస్థితి అన్నిటికంటే విచారకరంగా ఉంది. బడిలో మాట పడ్డ బిడ్డ ఇంటికి పరుగెత్తి వస్తాడు. ఇంట్లోనూ అదే మాట ఎదురైతే ఇక ఎక్కడికి పోతాడు?

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంత చెబుతాము. మా రెండవ అమ్మాయి పదవ తరగతి దాటింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. అనుమతి ఇస్తూ మూడు షరతులు పెట్టింది. పేరు రాయకూడదు. కిలోలు రాయకూడదు. చివరిలో దేవుని కృప వలన తగ్గిపోయింది అని సాక్ష్యం రాయకూడదు. "నేను తగ్గితేనే ఇది మంచి కథ అవుతుందా నాన్నగారూ?" అని అడిగింది. మూడింటికీ ఒప్పుకున్నాము.

ఆమెకు చిన్ననాటి నుండి పాట అంటే ప్రాణం. క్వాయరులో ముందు వరుసలో నిలబడేది. తొమ్మిదవ తరగతిలో ఉండగా బంధువుల పెండ్లికి వెళ్లాము. పాట పాడటానికి వేదిక ఎక్కబోతుంటే దగ్గరి బంధువు ఒకాయన, ప్రేమగానే, పదిమందికి వినబడేలా, "మెల్లగా ఎక్కమ్మా, బల్లలు అద్దెవి" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. పాట పాడి దిగింది. ఆ తరువాత ఏడాది దాకా పదిమంది ముందు పాడలేదు.

మొదట ముందు వరుస నుండి వెనుక వరుసకు వెళ్లింది. తరువాత హార్మోనియం వెనక్కి వెళ్లింది. ఆ తరువాత ఆదివారం ఉదయాల్లో తలనొప్పి రావడం మొదలైంది. ఫోటో తీయబోతే లేచిపోయేది. పగలు సరిగా తినేది కాదు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో డబ్బా మూత చప్పుడయ్యేది. ఒక రాత్రి ఆ చప్పుడు విని మా శ్రీమతి లేచి వెళ్లింది. లైటు వేయలేదు. పక్కన కూర్చుని, "నాకూ రెండు జంతికలు ఇవ్వమ్మా" అంది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఆ చీకట్లో తిన్నారు. అప్పుడు అమ్మాయి నోట ఆ పెండ్లినాటి మాట బయటికి వచ్చింది. అప్పటికి ఏడు నెలలయింది. అన్న ఆయనకు అది గుర్తు కూడా లేదు.

ఏలూరులో ఒక పిల్లల డాక్టరుగారికి చూపించాము. ఆమె మమ్మల్ని బయట కూర్చోమని ముందు అమ్మాయితో ఒంటరిగా మాట్లాడింది. నిద్ర ఎలా ఉంది, బడిలో స్నేహితులున్నారా, ఏమంటే ఇష్టం, నెలసరి సక్రమంగా వస్తోందా అని అడిగింది. థైరాయిడ్ పరీక్ష రాసింది. బరువు చూసేటప్పుడు అమ్మాయిని అంకె వైపు వీపు పెట్టి నిలబడమంది. తరువాత మాకు చెప్పింది. "ఎదిగే పిల్ల. కిలోలు తగ్గాలని లెక్క పెట్టుకోకండి. బరువు ఇక్కడ నిలబడి ఎత్తు పెరిగినా అది మేలే. ముందు ఈ అమ్మాయి రాత్రి నిద్రపోవాలి, పగలు అందరితో కూర్చుని తినాలి. ఇంట్లో ఎవరూ ఆమె పళ్లెం వైపు చూడకూడదు." మందుల చీటీ కంటే ఈ చివరి మాట అమలు చేయడమే కష్టమైంది. చూపు దానంతట అదే పోతుంది. దాన్ని మళ్లించుకోవడం నేర్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు పాడుతోందా అని అడుగుతారేమో. పాడుతోంది, కొన్ని ఆదివారాలు. మిగతా ఆదివారాలు వెనుక కూర్చుంటుంది. మేము అడగము.

మగపిల్లల సంగతి వేరని అనుకోకండి. తాడేపల్లిగూడెంలో హాస్టలులో ఉండి ఇంటర్ చదివిన కుర్రాడొకడు మాకు తెలుసు. తెల్లవారుజాము నుండి రాత్రి పది వరకు కుర్చీలోనే చదువు. ఆటస్థలం లేదు. ఏడాదిలో బాగా ఒళ్లు చేశాడు. సెలవులకు వస్తే ఊరంతా "డ్రమ్ము వచ్చింది" అన్నారు. వాడు ఏడవలేదు, తల్లి మీద అరిచాడు, తమ్ముణ్ణి కొట్టాడు, గదిలో తలుపేసుకున్నాడు. "వీడికి పొగరెక్కింది అయ్యగారూ, కాస్త బుద్ధి చెప్పండి" అని తండ్రి మా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆ వయసులో దిగులు చాలాసార్లు కోపం వేషంలో వస్తుంది. ఈ సంగతి ప్రతి తండ్రీ తెలుసుకోవాలి.

సంఘంగా మనము ఆలోచించవలసినవి కొన్ని ఉన్నాయి. లావుగా ఉన్న బిడ్డను చూడగానే తిండిపోతు అనే ముద్ర వేస్తాము. ఒంటి తీరులో వారసత్వం పాలు ఎంతో ఉంది. డెన్మార్క్‌లో దత్తతకు వెళ్లి పెద్దవారైన 540 మందిని పరిశీలించి 1986లో ప్రచురించిన అధ్యయనంలో, వాళ్ల ఒంటి తీరు కన్న తల్లిదండ్రులను పోలి ఉంది, పెంచిన వారిని పోలలేదు. ఒకే కుండలో అన్నం తిన్న అన్నదమ్ములిద్దరిలో ఒకడు సన్నగా, ఒకడు లావుగా ఉండటం మనం చూస్తూనే ఉన్నాము. తిండి మీద అదుపు లేకపోవడం అనే దోషం సన్నని వారిలోనూ ఉంటుంది. అది ఒంటి మీద కనబడదు గనుక వారిని ఎవరూ అడగరు.

దిగులు విశ్వాస లోపమని అనేవారూ ఉన్నారు. ఏలీయా ప్రవక్తను జ్ఞాపకం చేసుకోండి. బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, చావు రానిమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు అతనికి మొదట పంపింది మందలింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినిపించారు. ప్రశ్న అడిగింది ఆ తరువాత ఎంతో దూరం నడిచాకనే. కుంగిన మనసుకు ముందు ఒంటి అవసరాలు చూడాలన్న సంగతి మన గ్రంథంలోనే ఉంది.

ఉపవాసం గురించి కూడా ఒక మాట. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలకు కొందరు ఆడపిల్లలు అత్యాసక్తితో రావడం చూస్తుంటాము. వారానికి ఒక రోజు మూడు రోజులవుతుంది. భక్తి అని తల్లిదండ్రులు సంతోషిస్తారు. కొందరి విషయంలో అది సన్నబడాలన్న ఆరాటం. పగలంతా కడుపు మాడ్చుకుని రాత్రి అదుపు లేకుండా తిని, తిన్నందుకు తమను తాము అసహ్యించుకుంటారు. ఇది ముదిరితే వైద్యం కావలసిన జబ్బు. ఎదిగే పిల్లలకు తరచూ కటిక ఉపవాసాలు వద్దని మేము మా సంఘంలో నిక్కచ్చిగా చెబుతున్నాము.

క్రిస్మస్ నాటకాలు కూడా ఒకసారి తలచుకోండి. లావుగా ఉన్న కుర్రాడు ఎప్పుడూ హేరోదే, లేకపోతే క్రిస్మస్ తాత. లావుగా ఉన్న అమ్మాయి ఎన్నడూ మరియ కాదు, దేవదూత కాదు, సత్రం యజమాని భార్య. ఆ వేషాలు పంచేటప్పుడు మనకు చెడు తలంపేమీ ఉండదు. కాని ఏటా అదే వేషం వేసిన బిడ్డకు తన చోటు ఎక్కడో అర్థమైపోతుంది. మేము మూడేళ్లుగా చీట్లు వేసి పాత్రలు పంచుతున్నాము. నిరుడు మా గబ్రియేలు దూత రెక్కలకు అట్ట రెండింతలు పట్టింది. నాటకం బాగానే జరిగింది.

లావు అనగానే అసమర్థత అనుకోవడం కూడా మనం మానుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీ చేసి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె. అక్కడ 69 అనేది ఒక విభాగం పేరు. అదే అంకె కొన్ని ఇళ్లలో ఆడపిల్లకు తిట్టు.

మరి బరువు పెరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా? అలా అనడం లేదు. ఊబకాయం వలన చిన్న వయసులోనే చక్కెర వ్యాధి, రక్తపోటు, కాలేయంలో కొవ్వు, మోకాళ్ల నొప్పులు రావచ్చు. ఏదో ఒకటి చేయాలి. ఎలా చేయాలో చెరువుల మీద పనిచేసే మీకే బాగా తెలుసు. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే మీరు చేపను తిట్టరు. నీటిలో ప్రాణవాయువు తగ్గిందని గ్రహించి ఏరేటర్లు తిప్పుతారు, కొత్త నీరు పెడతారు, ఆ పూట మేత ఆపుతారు. చేప ఎదుగుదల తేడాగా ఉంటే ముందు నీళ్లు పరీక్ష చేయిస్తారు. బిడ్డ విషయంలోనూ ముందు చూడవలసింది ఇంటి నీళ్లనే.

గనుక మొదట, మార్పు ఇంటిల్లిపాదికీ ఉండాలి. ఒక బిడ్డకు పుల్కాలు, మిగిలినవారికి బిర్యానీ వడ్డించకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలి. అన్నం గరిటె తగ్గించి, పప్పు, కూర, చేపల పులుసు పెంచుకోవచ్చు. వేపుడు కంటే పులుసు మేలు. కూల్ డ్రింకు బదులు మజ్జిగ. ఇంట్లోకి ప్యాకెట్లు రాకపోతే వద్దని ఎవరికీ చెప్పనవసరం రాదు.

రెండవది, కదలిక. 5 నుండి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీన్ని శిక్షగా చేయకండి. మా శ్రీమతికి చక్కెర వ్యాధి ఉంది, ఆమె తన కోసం నడుస్తుంది, అమ్మాయి తోడు వెళుతుంది. మా చర్చి ఆవరణలో సాయంత్రం వల కట్టి వాలీబాల్ ఆడిస్తున్నాము, వారంలో మూడు రోజులు ఆడపిల్లలకే. ఆ మూడు రోజులు మగపిల్లలు గేటు దగ్గర నిలబడటం కూడా కుదరదు.

మూడవది, నిద్ర. 13 నుండి 18 ఏళ్ల వారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లోని ఫోన్లన్నీ, తండ్రి ఫోనుతో సహా, ఒక అలమారలో పెట్టండి.

నాల్గవది, డాక్టరు. థైరాయిడ్ లోపం, ఆడపిల్లల్లో నెలసరి తప్పే హార్మోను ఇబ్బందులు, కొన్ని మందులు బరువు పెంచగలవు. మనోవ్యాధులకు వాడే మందులు కొన్ని ఆ కోవలోవే. అయినా వాటిని సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుతో మాట్లాడండి. ఇంటింటికీ తిరిగి అమ్మే పొడులను, ఎవరో చెప్పిన సూదిమందులను నమ్మకండి.

చివరిగా అతి ముఖ్యమైన హెచ్చరిక. రెండు వారాలకు మించి బిడ్డ దిగులుగానో చిరాకుగానో ఉన్నా, ఇష్టమైన పనులు మానేసినా, నిద్ర, ఆకలి బాగా మారినా, మార్కులు పడిపోయినా, ఊరికే అనుకోకండి. "నేను లేకపోతే మీకు బాగుంటుంది" వంటి మాట ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినందువలన ఆ తలంపు రాదు. ఉన్న తలంపు బయటికి వస్తుంది. బిడ్డను ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, చెరువు మందులు తాళం వేసిన చోట పెట్టండి. ఆ ఒక్క తాళం ఒక ప్రాణాన్ని నిలపగలదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం పరువు తక్కువ కాదు. కన్ను బాగాలేకపోతే కంటి డాక్టరు దగ్గరకు పోమా?

ప్రియ తల్లిదండ్రులారా, ఒంటి బరువు తగ్గడానికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు. కొందరికి అది తగ్గకపోవచ్చు కూడా. మన మాటల బరువు మాత్రం ఈ పూటే తగ్గించవచ్చు. బస్తా, డ్రమ్ము, బొండం, ఏనుగు పిల్ల అని మనం ముద్దుగా పిలిచే పేర్లు మన పిల్లలకు మనమిచ్చిన పేర్లు కావు. చిన్నప్పుడు ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకుని, సంఘమంతా లేచి నిలబడి ఉండగా, ఒక పేరు పెట్టాము. ఎంతో ఆలోచించి, ప్రార్థించి, తాతల పేర్లు, బైబిలు పేర్లు వెదికి పెట్టిన పేరది. ఆ పేరు చాలా ఇళ్లలో ఇప్పుడు బడి హాజరు పట్టీలో మాత్రమే వినబడుతోంది. ఈ రాత్రి అన్నానికి పిలిచేటప్పుడు ఆ పేరుతోనే పిలవండి.